ప్రత్తిమర నిర్మాత ఈలై విట్నీ

అమెరికా సంయుక్త రాష్ట్రముల చరిత్రమును చదువువారికి ఒక సందేహము తప్పక కలుగును. పందొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధమున ఆ దేశపు టుత్తర భాగమున యంత్రశాలలు, బ్యాంకులు, కాలువలు, రైలుమార్గములు వెలసినవి. అదే కాలమున దక్షిణ భాగమున మనుష్యులను సంతలో కొని యమ్ము దాసత్వము మూడు రెట్లకు మించి పెరిగినది. మొదటిది నూతన యుగమునకు చెందినదనియు, రెండవది పురాతన దురాచార శేషమనియు సామాన్యముగా చెప్పుట కలదు. ఈ విభజనము ఎంతవఱకు నిజమో తెలిసికొనుటకు పెద్ద గ్రంథములు తిరుగవేయ నక్కఱలేదు. ఒక్క మనుష్యుని జీవితము చాలును. ఆతడు ఈలై విట్నీ. దక్షిణమున దాసత్వమునకు క్రొత్త బలమిచ్చిన ప్రత్తిమరయు, ఉత్తరమున యంత్రపరిశ్రమకు దారిచూపిన వానిలో నొకటియగు తుపాకుల కర్మాగారమును ఆతని చేతిపనులే.

విట్నీ 1765వ సంవత్సరము డిసెంబరు 8వ తేదీన మసాచుసెట్సు రాష్ట్రమున వెస్ట్‌బరో గ్రామమున జన్మించెను. తండ్రి కర్షకుడు. ఇంటికి చేరువనే పనిముట్లు చేయు కొట్టమొకటి యుండెడిది. బాలునకు పొలముకంటె ఆ కొట్టముపైననే మక్కువ యెక్కువ. స్వాతంత్ర్య సమరము సాగుచున్న దినములవి. ఇంగ్లండునుండి వచ్చు సరకు నిలిచిపోయి మేకులకు సయితము కఱవు వచ్చెను. పదునాలుగేండ్ల ప్రాయమున విట్నీ మేకులు చేసి యమ్మ నారంభించెను. యుద్ధము ముగిసి గిరాకి తగ్గగానే స్త్రీల టోపీలకు గ్రుచ్చు సూదులను, చేతికఱ్ఱలను చేసెను. బజారు ఎటు మరలుచున్నదో కనిపెట్టి పనిని మార్చుకొను నేర్పు ఆతనికి బాల్యముననే యబ్బెను. పిమ్మట కళాశాలలో చదువవలెనను కోరికతో బడిపంతులుగా కొంతకాలము పనిచేసి, ధనము కూడబెట్టుకొని, 1789లో యేల్ కళాశాలలో ప్రవేశించి, 1792లో పట్టభద్రుడయ్యెను. అప్పటి కాతనికి ఇంచుమించు 27 ఏండ్లు. న్యాయశాస్త్రము చదివి వకీలు కావలెనని ఆతని సంకల్పము. కాని చేతిలో పైకము లేదు. దక్షిణ కెరొలైనాలో నొక సంపన్న కుటుంబమున పిల్లలకు చదువు చెప్పు నుద్యోగము దొరకగా ఓడ యెక్కెను.

ఆ ప్రయాణమున ఆతనికి కేథరిన్ గ్రీను తోడి పరిచయము దృఢపడెను. ఆమె స్వాతంత్ర్య సమర సేనానులలో ప్రసిద్ధుడైన నథానియల్ గ్రీను భార్య, అప్పటికి వితంతువు. జార్జియా ప్రభుత్వము ఆ సేనానికి కృతజ్ఞతాసూచకముగా సవానా పట్టణ సమీపమున మల్బరీ గ్రోవ్ అను పెద్ద యెస్టేటు నిచ్చియుండెను. ఆతడు 1786లో మరణించినందున ఎస్టేటు వ్యవహారములను ఫినియస్ మిల్లరు అను మఱియొక యేల్ పట్టభద్రుడు చూచుచుండెను. విట్నీకి కుదిరిన యుద్యోగము సరిపడలేదు. కేథరిన్ గ్రీను ఆహ్వానముపై ఆతడు మల్బరీ గ్రోవులో నిలిచిపోయెను. స్వాతంత్ర్యమునకై పోరాడిన సేనానికి బహుమానముగా వచ్చిన ఆ భూమిని దున్నినవారును, కోసినవారును బానిసలే. అమెరికా రాజ్యాంగమునందలి వైరుధ్యమంతయు ఆ యెస్టేటు సరిహద్దులలో నిమిడియుండెను.

ఆనాటి దక్షిణదేశ పరిస్థితి యెట్టిదో గ్రహింపవలెను. పొగాకు పండించి పండించి వర్జీనియా భూములు నిస్సారమైనవి. ఇంగ్లండుతోడి సంబంధము తెగుటచే నీలిమందు వర్తకము పడిపోయినది. లాంకషైరులో నూతన నూలు యంత్రములు ప్రత్తికై నోరు తెఱచుకొని యున్నవి. కాని దక్షిణదేశమునుండి ప్రత్తి పంపుట కొక చిక్కుండెను. సముద్రతీరమునను, ద్వీపములలోను మాత్రమే పండు పొడుగుపింజ ప్రత్తికి గింజ నున్నగా నుండును. రెండు గుండ్రని కఱ్ఱల నడుమ త్రిప్పినచో గింజ విడిపోవును. మన దేశమున తరతరములుగా వాడుచు వచ్చిన సాధన మిట్టిదే. లోనాడులో నెక్కడనైనను పండు పొట్టిపింజ ప్రత్తి గింజయో, దూదిని గట్టిగా పట్టుకొనియుండును. ఒక మనిషి దినమంతయు చేతితో నొలిచినను ఒక పౌను శుభ్రమైన దూది వచ్చుట కష్టము. ఇట్లుండగా ఉత్తర రాష్ట్రములలో దాసత్వము క్రమముగా అంతరించుచుండెను. పెన్సిల్వేనియా 1780లోను, కనెక్టికట్టు 1784లోను క్రమవిమోచన శాసనములు చేసినవి; మసాచుసెట్సులో 1783 నాటికి న్యాయస్థానములే దానిని తుదముట్టించినవి. దక్షిణమునను అది తనంత తానే క్షీణించునని రాజ్యాంగ నిర్మాతలలో కొందఱు ఆశించిరి.

మల్బరీ గ్రోవునకు వచ్చిన తోట యజమానులు ఈ గింజ చిక్కును గూర్చి ముచ్చటించుకొనగా విట్నీ వినెను. 1793 ఆరంభమాసములలో ఆతడొక యంత్రపు నమూనాను సిద్ధపఱచెను. కఱ్ఱ దిమ్మెకు వరుసలుగా ఇనుప తీగెల పండ్లు బిగింపబడినవి. దిమ్మె తిరిగినపుడు ఆ పండ్లు సన్నని సందులగుండ దూదిని లాగుకొనును. గింజ యా సందులలో పట్టక వెనుక రాలిపోవును. ఎదురుగా తిరుగు కుంచె పండ్లకంటిన దూదిని దులిపివేయును. చేతితో త్రిప్పు చిన్న యంత్రముననే దినమునకు 50 పౌనుల దూది శుభ్రపడెను. గుఱ్ఱముచేతను, నీటి వేగముచేతను త్రిప్పు పెద్ద యంత్రములు ఇంకను అధికముగా పనిచేసెను. దీని కూహ నిచ్చినది కేథరిన్ గ్రీను అని కొందఱును, బానిసలు వాడిన దువ్వెనవంటి పనిముట్టే మూలమని కొందఱును చెప్పుట కలదు. ఆ వాదము నటుంచినను ఒక్కమాట స్పష్టము. బానిస యెంతటి యద్భుతమును కల్పించినను దానిపై చట్టము ఆతనికి హక్కు నీయలేదు. బానిస కల్పనకు ఆతడు గాని, ఆతని యజమానుడు గాని పేటెంటు పొందజాలరని 1858లో అమెరికా ప్రభుత్వ న్యాయాధికారి స్పష్టముగా అభిప్రాయమిచ్చెను. పౌరుడు కానివాని బుద్ధికి పట్టా లేదు.

విట్నీ 1793 జూనులో పేటెంటుకై అర్జీ పెట్టుకొనెను. ఆనాడు ఆ యర్జీలను స్వీకరించువాడు విదేశాంగ మంత్రియగు థామస్ జెఫర్సను. ఆతడు స్వయముగా బానిసలు గల తోట యజమాని; యంత్రము పనితనమును, వెలను విచారించుచు విట్నీకి లేఖ వ్రాసెను. 1794 మార్చి 14వ తేదీన పేటెంటు లభించెను. విట్నీ, మిల్లరులు కలసి కంపెనీ స్థాపించిరి. వారు యంత్రములను విక్రయింపదలచలేదు. తామే మరలు నెలకొల్పి, రైతులు తెచ్చిన ప్రత్తిని శుభ్రపఱచి, వచ్చిన దూదిలో అయిదింట రెండు పాళ్ళు కూలిగా తీసికొనవలెనని యోచించిరి. ఈ దురాశయే వారికి చేటు తెచ్చెను. యంత్రము నొకసారి చూచిన కమ్మరి యెవ్వడైనను దానివంటిది చేయగలడు. తోట యజమానులు అంత కూలి యిచ్చుటకు సమ్మతింపక ఊరూర దొంగ యంత్రములు చేయించుకొనిరి. 1795లో న్యూహేవెనులోని విట్నీ పనిశాల అగ్నికి ఆహుతియై, నడుమనున్న యంత్రములన్నియు బూడిదయ్యెను.

న్యాయస్థానములు శరణ్యమయ్యెను. వకీలు కాగోరిన విట్నీ కక్షిదారుగానే కోర్టుల చుట్టు తిరుగవలసి వచ్చెను. 1797లో జార్జియాలో వేసిన దావా వీగిపోయెను. 1793వ సంవత్సరపు పేటెంటు చట్టమునందలి భాష లోపభూయిష్టము. యంత్రమును చేసినవాడును, ఉపయోగించినవాడును ఒక్కడే యైన గాని నేరము కాదను అర్థము దానినుండి తీయబడెను. ఒకడు చేసి మఱియొకడు వాడినచో ఇరువురును తప్పించుకొనిరి. 1800లో చట్టము సవరింపబడునప్పటికి యంత్రము దక్షిణదేశమంతయు వ్యాపించిపోయినది. 1801లో దక్షిణ కెరొలైనా శాసనసభ 50,000 డాలరులకు హక్కును కొన నంగీకరించి, నడుమ చెల్లింపు నిలిపివేసి, పిదప మరల చెల్లించెను. ఉత్తర కెరొలైనా, టెనెసీ రాష్ట్రములు యంత్రములపై పన్ను వేసి కొంత ముట్టచెప్పినవి. మిల్లరు 1803లో మరణించెను. జార్జియా న్యాయస్థానము విట్నీ హక్కును గట్టిగా నిలబెట్టునప్పటికి పేటెంటు గడువు ముగియ వచ్చెను. గడువు పొడిగింపుమని వేడుకొనగా అమెరికా కాంగ్రెసు 1812లో నిరాకరించెను. చేతికి వచ్చిన ధనములో హెచ్చుభాగము దావాల ఖర్చులకే సరిపోయెను.

న్యాయవృత్తిలో నున్నవారు ఈ వ్యాజ్యముల నొక్కింత నిదానించి చూడవలెను. ఒకని బుద్ధినుండి పుట్టిన యంత్రముపై వానికి స్వామ్యము లేదని వాదించిన ప్రతివాదులు ఎవరు? మనుష్యుని శరీరముపైనను, ఆతని సంతానముపైనను, ఇంకను పుట్టబోవు బిడ్డలపైనను తమకు పూర్ణ స్వామ్యము కలదని దస్తావేజులు చూపినవారే. ఆ రెండవ స్వామ్యమును జార్జియా న్యాయస్థానము క్షణమైనను శంకింపలేదు. వాది యగు విట్నీయు దానిని ప్రశ్నింపలేదు. దాసత్వ నిర్మూలనోద్యమ చరిత్రమున ఆతని పేరు కనబడదు. తన హక్కుకై పదునాలుగేండ్లు పోరాడిన యాతని దృష్టికి, తన మరను త్రిప్పుచున్న చేతుల హక్కు గోచరింపలేదు.

యంత్రము చేసిన మార్పును అంకెలే చెప్పును. 1790లో అమెరికా పంట సుమారు 15 లక్షల పౌనులు. 1800 నాటికది సుమారు మూడున్నర కోట్లు. 1820 నాటికి 16 కోట్లు. 1860 నాటికి ఇంచుమించు 200 కోట్ల పౌనులు. బానిసల సంఖ్య 1790లో సుమారు 7 లక్షలు. 1810లో 12 లక్షలు. 1860లో 39 లక్షల 50 వేలు. శ్రమను తగ్గించుటకు పుట్టిన యంత్రము శ్రమించువారి సంఖ్య నింతగా పెంచుట యెట్లు? కారణము స్పష్టము. యంత్రము గింజ తీయు పనిని మాత్రమే సులభము చేసెను. దున్నుట, కలుపు తీయుట, ప్రత్తి యేరుట మనుష్యుల చేతులతోనే జరుగవలసియుండెను. ప్రత్తి యేరు యంత్రము వాడుకలోనికి వచ్చునప్పటికి ఇరువదవ శతాబ్ది నడుమకు వచ్చినది. మర యెంత వేగముగా నొలిచిన నంత వేగముగా చేలు విస్తరింపవలెను. చేలు విస్తరించినకొలది చేతులు కావలెను. సాయంకాలమున ప్రతి బానిస యేరిన ప్రత్తిని తూచుట, తూకము తగ్గినచో కొరడా దెబ్బలు కొట్టుట అనేక తోటలలో నిత్యకృత్యమయ్యెను. యంత్రము మిగిల్చిన గంటలు శ్రామికునకు విశ్రాంతిగా రాలేదు. అవి యజమానునకు భూమిగా, ధనముగా మాఱినవి.

ఆఫ్రికానుండి బానిసలను దింపుట 1808 జనవరి 1వ తేదీనుండి నిషేధింపబడెను. అంతట దేశములోపలి వర్తకము పెరిగెను. వర్జీనియా, మేరీలాండు యజమానులు తమ బానిసలను అలబామా, మిసిసిపీ, లూయిసియానా ప్రత్తిభూములకు విక్రయించిరి. 1790కిని 1860కిని నడుమ సుమారు పది లక్షలమంది ఇట్లు తూర్పు తీరమునుండి లోనాడునకు తరలింపబడిరి. సంకెళ్ళతో జతలుగా కట్టి కాలినడకను కొందఱిని, ఓడలలో న్యూ ఆర్లియన్సు సంతకు కొందఱిని తీసికొనిపోయిరి. భార్యను ఒకనికిని, భర్తను మఱియొకనికిని అమ్ముటకు అడ్డుచెప్పు చట్టము లేదు. ఆ భూములైనను ఖాళీగా నున్నవి కావు. 1830వ సంవత్సరపు శాసనమును ఆధారముగా గొని క్రీకు, చొక్టా, చెరకీ మొదలగు ఆదిమజాతులను మిసిసిపీ నదికి పడమరగా వెడలగొట్టిరి. 1838లో బయలుదేరదీయబడిన చెరకీలలో వేలకొలది జనులు దారిలోను, నిర్బంధ శిబిరములలోను మరణించిరి.

ప్రత్తిమరవలన ఋణగ్రస్తుడైన విట్నీని ఆదుకొన్నది యుద్ధభయము. 1798లో ఫ్రాన్సుతో యుద్ధము వచ్చునను భీతిచే అమెరికా ప్రభుత్వము తుపాకులకై కంట్రాక్టు లిచ్చెను. విట్నీ 10,000 మస్కెట్టు తుపాకులను 28 నెలలలో 1,34,000 డాలరులకు చేసి యిత్తునని ఒప్పుకొనెను. అప్పటి కాతనికి తుపాకులు చేసిన యనుభవము లేదు, కర్మాగారము లేదు, పనివారును లేరు. ప్రభుత్వము ముందుగా నిచ్చిన పైకముతో న్యూహేవెను సమీపమున మిల్లు నది యొడ్డున కర్మాగారము కట్టెను. పనివారికి ఇండ్లు వేయించెను. ఒక్కొక్క భాగమును అచ్చునుబట్టి యంత్రముతో చేసినచో నేర్పరి కాని కూలివాడును సరిగా చేయగలడనియు, ఒక తుపాకి భాగము మఱియొక తుపాకికి అమరుననియు ఆతని సిద్ధాంతము. 28 నెలల పని ముగియుటకు పదేండ్లకు పైగా పట్టెను. చివరి తుపాకులు 1809 జనవరిలో గాని అందలేదు. ఐనను ప్రభుత్వము 1812లో మరల 15,000 తుపాకులకు కంట్రాక్టు ఇచ్చెను.

భాగముల సమానతను తొలుత సాధించినవాడు విట్నీయే యని చిరకాలము నమ్మిరి. 1960లో రాబర్ట్ వుడ్‌బరీ అను చరిత్రకారుడు ఈ నమ్మికను పరీక్షించెను. మిగిలియున్న విట్నీ తుపాకుల భాగములు ఒకదానికొకటి అమరుట లేదని తేలెను. ఫ్రాన్సులో ఒనొరే బ్లాంకు ఈ పద్ధతిని ముందే ప్రయత్నించియుండెను. అమెరికాలో దానిని నిజముగా నెఱవేర్చినవాడు 1820 ప్రాంతమున హార్పర్స్ ఫెర్రీ ఆయుధశాలలో పనిచేసిన జాన్ హాల్. విట్నీకి దక్కవలసిన కీర్తి ఆ యాశయమును ప్రభుత్వము నెదుట నిలిపి, దానికి ధనము రాబట్టుటలో నున్నది. ఈ మార్గముననే తర్వాత గడియారములు, కుట్టుమిషనులు, వ్యవసాయ యంత్రములు అమెరికాలో వేలకొలదిగా తయారైనవి.

ఇక ఉత్తర, దక్షిణములకు గల సంబంధమును చూతము. శామ్యూల్ స్లేటరు రోడ్ ఐలండులోని పాటకెట్టులో 1790లో నూలుమిల్లు నడిపెను. 1813లో ఫ్రాన్సిస్ కెబట్ లోవెలు మిత్రులతో కలసి బోస్టను కంపెనీ స్థాపించి, వాల్తమున నూలు వడకుటయు బట్ట నేయుటయు ఒక్క కప్పు క్రింద జరిపించెను. ఆ మిల్లులకు ముడిసరకు దక్షిణపు ప్రత్తి. రోడ్ ఐలండు మిల్లులు బానిసలకు తొడుగు ముతక బట్టను ప్రత్యేకముగా నేసి దక్షిణమునకే పంపినవి. మసాచుసెట్సు చర్మకారులు బానిసల మోటు చెప్పులు కుట్టిరి. ప్రత్తిని ఇంగ్లండునకు మోయు నోడలు, వాని భీమా, యజమానులకు కావలసిన అప్పు, వీనిలో న్యూయార్కు వర్తకులకు పెద్ద పాలు చేరెను. అంతర్యుద్ధమునకు పూర్వపు రెండు దశాబ్దములలో అమెరికా యెగుమతుల విలువలో ఇంచుమించు సగము ప్రత్తిదే. ఐనను దాసత్వము లేకున్నచో అమెరికాలో పరిశ్రమయే పుట్టియుండదనుట అతిశయోక్తి. ఉత్తరమున స్వతంత్ర కర్షకుల కొనుగోలు శక్తి, పాఠశాలలు, నీటివసతి, నేర్పుగల పనివారు మొదలగు హేతువులు పెక్కు కలవు. కాని ఉత్తరదేశపు చేతులకు ఈ మరక అంటలేదనుటయు అసత్యమే. ఒకే లెక్కపుస్తకమున రెండు పుటలుగా ఆ రెండు దేశభాగములు నడచినవి.

విట్నీ 1817లో, ఏబదియేండ్లు దాటిన పిమ్మట, హెన్రియెట్టా ఎడ్వర్డ్సును వివాహమాడెను. తుపాకుల వ్యాపారమువలన ఆతనికి సంపదయు గౌరవమును లభించెను. బాధాకరమైన వ్యాధితో చిరకాలము పోరాడి 1825 జనవరి 8వ తేదీన న్యూహేవెనులో మరణించెను. ఆతని కర్మాగారమును తొలుత మేనల్లుళ్ళును, పిదప కుమారుడును నడిపిరి. 1861లో అంతర్యుద్ధము పుట్టెను. ప్రత్తిమర బలపఱచిన దాసత్వమును కాపాడుకొనుటకు దక్షిణము యుద్ధమునకు దిగినది. ఉత్తరము గెలుచుటకు దాని కర్మాగారములు ప్రధాన హేతువయ్యెను. 1865లో పదుమూడవ రాజ్యాంగ సవరణముతో దాసత్వము రద్దయ్యెను.

ఈ కథ మన నేలను తాకక పోలేదు. 1840లో ఈస్టిండియా కంపెనీ అమెరికా తోటపనిలో ఆఱితేఱిన వారిని, రంపపు పండ్ల యంత్రములను హిందూదేశమునకు రప్పించి, చెన్నపురి రాజధానిలో కోయంబత్తూరు ప్రాంతమున ప్రయోగములు చేయించెను. మన పొట్టిపింజను ఆ పండ్లు త్రెంచివేయుటచే ఫలితము అంతంత మాత్రమయ్యెను. అంతర్యుద్ధకాలమున అమెరికా ప్రత్తి రాక నిలిచిపోగా లాంకషైరు చూపు మన దేశముపై పడెను. నేడు కర్ణాటకమున నున్న బళ్ళారిలోను, కర్నూలులోను ప్రత్తి ధర మిన్నుముట్టెను. యుద్ధము ముగియగానే అది దిగజాఱెను. విట్నీ పేరెఱుగని రైతు సయితము ఆతని యంత్రము త్రిప్పిన చక్రమున చిక్కుకొనినాడు.

యంత్రమును నిందించుట తేలిక. నిర్మాతను నిందించుట అంతకంటె తేలిక. ప్రత్తిమర యొక దువ్వెనయే. అది మిగిల్చిన శ్రమ ఎవ్వరికి చెందవలెనో నిర్ణయించినవి ఆనాటి చట్టము, ఆనాటి సంత. శ్రామికునకు తన శరీరముపైననే హక్కు లేని చోట, శ్రమను తగ్గించు ప్రతి సాధనమును ఆతని మెడకు మఱియొక కాడి యగును. ప్రతి తరమునను నూతన యంత్రములు వచ్చుచున్నవి. అవి యెంత పని చేయగలవని మాత్రమే విచారించి యూరకుండుట చాలదు. వానివలన మిగులు కాలమును, ధనమును పంచుకొనుటలో పనిచేయువానికి ఏ హక్కు కలదని శాసనకర్తలును, న్యాయవాదులును ముందుగా అడుగవలెను. 1793లో జార్జియాలో ఆ ప్రశ్న నడిగినవాడు లేకపోయెను. దానికి మూల్యము చెల్లించినవారు లక్షలకొలది నిరపరాధులు.